వెదకినను దొరకని ఊళ్ళు: స్థలవిక్రేతల వెబ్‌సైటులందలి లోపములు

మన ప్రాంతమున ‘సైటు’ అను మాటకు ఇప్పుడు రెండర్థములు ఏర్పడినవి. ఇల్లు కట్టుకొనుటకై కొలిచి విడదీసిన నేల మొదటిది. ఇంటర్నెట్టునందలి పుటల సముదాయము రెండవది. మొదటి సైటును రెండవ సైటులో చూపి అమ్ము వ్యాపారము చిక్కబళ్ళాపురమునుండి బాగేపల్లి, చింతామణి దాక వ్యాపించినది. 2008వ సంవత్సరమున దేవనహళ్ళి యొద్ద విమానాశ్రయము తెఱచిన పిమ్మట బెంగళూరునకు ఉత్తరముననున్న భూములపై పట్టణవాసుల దృష్టి పడినది. వేరుసెనగయు రాగియు పండిన చేలలో రాళ్ళు పాతి, సున్నము గీసి, అంకెలు వేయుట మన విద్యార్థులు బడికి వచ్చు దారిలో చూచుచున్నదే.

గత వేసవిలో మా పూర్వవిద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. అతడిపుడు సైటుల ఏజెంటు. “వెబ్‌సైటు చేయించి సంవత్సరమాయె సార్. ఫోను చేసేవాళ్ళే లేరు. చేసిన ఒక్కాయన కూడా కోపం చేసుకొని పోయినాడు” అని వాపోయెను. మేము యంత్రవిద్య నెఱిగినవారము కాము. అయినను కంప్యూటరు పాఠములు చెప్పు మా మిత్రుని ప్రక్కన కూర్చుండి, నాలుగు సాయంకాలములు అతని పుటలను, అట్టివే మఱి కొందఱి పుటలను చదివితిమి. అందలి తప్పులలో యంత్రమునకు సంబంధించినవి కొన్నియే. తక్కినవి ప్రతి సంవత్సరము తొమ్మిదవ తరగతి వ్యాసపుస్తకములలో మేము ఎఱ్ఱసిరాతో దిద్దు తప్పులే.

ముందుగా శోధనయంత్రము చేయు పనిని తెలిసికొనవలెను. 1998లో స్థాపింపబడిన గూగుల్ సంస్థ యంత్రము వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. మనము ఒక మాట కొట్టినంతనే అది లోకమునందలి పుటలన్నిటిని అప్పటికప్పుడు గాలించునని పలువురి తలంపు. అట్లు కాదు. క్రాలరు అను ప్రోగ్రాము రేయింబవళ్ళు ఒక పుటనుండి మఱియొక పుటకు లంకెలు పట్టుకొని పోవుచు, చదివినదానిని తెచ్చి యిచ్చును. దానినుండి యంత్రము, పెద్ద గ్రంథముల చివర ఉండు పదసూచికవంటి దొకటి కూర్చుకొనును. మనము అడిగినపుడు అది చూచునది ఆ సూచికనే. కావున పుటలో లేని ఊరిపేరు క్రింద ఆ పుట దొరకుట కష్టము. ఒకే మాటకు వేలకొలది పుటలున్నపుడు, అడిగినవానికి ఏది యెక్కువ పనికివచ్చునో, ఏ పుటకు ఇతరులు లంకెలిచ్చి మన్నించిరో, ఇట్టివి పెక్కు చూచి యంత్రము వరుస నిర్ణయించును. ఆ వరుసలో ముందు నిలుచునట్లు పుటను తీర్చు విద్యనే ఎస్‌.ఇ.ఓ. అందురు.

తప్పులు శీర్షికతోనే మొదలగుచున్నవి. ఫలితములలో వెదకువాని కంటికి ముందు కనబడునది పుట శీర్షిక. మా విద్యార్థి సైటులో 26 పుటలుండగా అన్నిటికిని ఒకటే శీర్షిక: ‘హోమ్’. వ్యాసమునకు ‘వ్యాసము’ అని పేరు పెట్టిన బాలు డొకడు పూర్వము మా తరగతిలో ఉండెను. వాడును వీడును ఒకడే యగుట మాకు ఆశ్చర్యము కలిగింపలేదు.

అంతకంటె పెద్ద తప్పు ఊరిపేరు చెప్పకపోవుట. లోయ లేని చోట ‘వ్యాలీ’, పచ్చికబయలు లేని చోట ‘మెడోస్’ అని పేళ్ళు పెట్టి, ‘నందికొండల సమీపమున’, ‘విమానాశ్రయమునకు అతి చేరువ’ అను రెండు మాటలతో సరిపుచ్చుచున్నారు. ఆ నేల ఏ తాలూకాలోనిది, ఏ హోబళిలోనిది, ఏ గ్రామము, ఏ సర్వే నంబరు అని చూడబోయిన ఒక్క మాటయు లేదు. ఊరిపేరు వ్రాసినచో పట్టణమువారు వెనుదీయుదురని ఏజెంటుల భయము. కాని ‘నందికొండల సమీపమున సైటు’ అని వెదకినచో పెద్ద కంపెనీల పుటలు ముందు బారుతీరి నిలుచును. ఆ గుంపులో చిన్న ఏజెంటు కనబడడు. ‘కైవారము దగ్గర 30×40 సైటు’ అని వెదకువారు కొద్దిమందియే. వారు మాత్రము ఊరు నిశ్చయించుకొని, కొనదలచి వెదకువారు. వారికి సమాధానము చెప్పగలవాడు స్థానికుడే. తనకొక్కనికి తెలిసినదానిని దాచి, అందఱును చెప్పుదానినే చెప్పుట ఏమి వ్యాపారమో మాకు బోధపడలేదు.

కొలతలయందును ఇట్టిదే. మన కర్ణాటకమున ఎకరమునకు 40 గుంటలు. గుంట యనగా 1,089 చదరపు అడుగులు. సరిహద్దు దాటినంతనే హిందూపురమువారు సెంట్లలో అడుగుదురు. ఎకరమునకు 100 సెంట్లు. ఒక గుంట రెండున్నర సెంట్లగును. మన సైటులు కొనువారిలో అనంతపురము, హిందూపురము వైపువారు ఉన్నారని మా విద్యార్థియే చెప్పెను. అయినను అతని పుటలలో ‘సెంటు’ అను మాట ఒక్కచోట నైన లేదు. అట్లే చిక్కబళ్ళాపురము 2007లో ప్రత్యేక జిల్లాయైనను ‘కోలారు జిల్లా’ అనియే వ్రాసిన పుటలు కలవు. హైదరాబాదు రహదారి సంఖ్య 7 నుండి 44 అయి యేండ్లు గడచినను పాతదానినే ఉంచినవారు కలరు.

ఇక పేర్ల వర్ణక్రమము మా శాస్త్రమునకు చెందినది గనుక ఇచట కొంచెము నిలువవలసియున్నది. చిక్కబళ్ళాపురమునకు ఇంగ్లీషు లిపిలో చిక్‌బళ్ళాపూర్, చిక్కబళ్ళాపూర్, చిక్కబళ్ళాపుర అని మూడు విధముల వ్రాత కలదు. తెలుగున మేము ‘ళ్ళ’ వ్రాయుదుము. పత్రికలు ‘ళ్ల’ వ్రాయుచున్నవి. మేము ‘పురము’ అందుము. వెదకువారు ‘పురం’ అని కొట్టుదురు. చదువరి ఈ భేదములను గమనింపకయే సాగిపోవును. కంప్యూటరునకు మాత్రము ఇవి వేఱు వేఱు అక్షరముల వరుసలు. నేటి యంత్రములు ఇట్టి భేదములను కొన్నిటిని సర్దుకొనును, అన్నిటిని కాదు. అట్లని రూపములన్నిటిని పుట అడుగున గుప్పించుట తగదు. శీర్షికలో ఎక్కువమంది వాడు రూపమును పెట్టి, వాక్యములలో సహజముగా వచ్చినచోట మఱియొక రూపమును వాడిన చాలును.

బాగేపల్లి విషయము మఱింత చిక్కు. 2025 జూలై 2వ తేదీన నందికొండపై సమావేశమైన కర్ణాటక మంత్రివర్గము బాగేపల్లికి ‘భాగ్యనగర’ అని పేరు మార్చుటకు సమ్మతించినది. పేరు మంచిదా కాదా అనుట ఇచట అప్రస్తుతము. తెలుగువారు చిరకాలముగా భాగ్యనగరమని హైదరాబాదును పిలుచుచున్నారు. ‘భాగ్యనగరంలో స్థలము’ అని తెలుగున వెదకువానికి ఏ ఊరు ముందు కనబడునో చెప్పనక్కఱలేదు. క్రొత్త పేరుతో పుటలు వ్రాయు ఏజెంటు పాత పేరును, తాలూకాను, చిక్కబళ్ళాపుర జిల్లాను కలిపి వ్రాయనిచో తన ఊరిని తానే పోగొట్టుకొనును.

మాకు అన్నిటికంటె కష్టము కలిగించినది అక్షరము లేని అక్షరము. మా విద్యార్థి అచ్చు వేయించిన తెలుగు కరపత్రమును ఫోటో తీసి పుటలో పెట్టెను. అందు ఊరిపేరు, సర్వే నంబరు, వెల, దూరము అన్నియు కలవు. మనము చదువగలము, శోధనయంత్రమునకు అది ఒక బొమ్మ. బొమ్మలోని అక్షరములను గుర్తించు ఉపాయములు నేడు ఉన్నను, వానిపై ఆధారపడి వ్యాపారము చేయరాదు. బొమ్మకు వెనుక ‘ఆల్ట్ టెక్స్టు’ అని రెండు మాటలు వ్రాయు చోటు కలదు, అదియు ఖాళీయే. మఱియొకరు అచ్చుకూటమువారి పాత ‘అను’ ఫాంటులోని తెలుగును యథాతథముగా పుటలోనికి ఎక్కించిరి. అట్టి ఫాంటులలో తెలుగు రూపములు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండును. ఫాంటు తీసివేసినచో మిగులునది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్ప. యంత్రము చదువునది దానినే. కన్నడమున పాత ‘నుడి’ ఫాంటులకును ఇదియే గతి. తెలుగునకు యూనికోడునందు 1991లోనే ప్రత్యేకస్థానములు ఏర్పడినవి. ఆ పద్ధతిలో వ్రాసిన తెలుగు మాత్రమే తెలుగుగా వెదకబడును.

ఇంగ్లీషు పుటయుండగా తెలుగెందులకని అడుగువారు కలరు. బాగేపల్లి, చింతామణి పల్లెలలో తెలుగు మాటలాడువారే హెచ్చు. ఇంగ్లీషు చదువని రైతు ఫోనునకు నోటితో తెలుగున చెప్పి వెదకుచున్నాడు. తన చేనిని గుఱించి, తన ప్రక్కచేనిని గుఱించి లోకమునకు ఏమి చెప్పబడుచున్నదో చదువు హక్కు అతనికి లేదా? కన్నడపుట యెట్లును ఉండవలసినదే. తెలుగుపుట దానికి తోడు.

తక్కిన తప్పులను త్వరగా చెప్పెదము. ఒకే మాటను పదేపదే కూఱుట నిష్ఫలము. అది మోసమని యంత్రము గుర్తించును. పుట వెనుక కీవర్డుల పట్టిక దాచుట పాతకాలపు అలవాటు. దానిని వరుస నిర్ణయించుటకు వాడుట లేదని గూగుల్ 2009లోనే ప్రకటించినది. గుడిబండ, శిడ్లఘట్ట, గౌరిబిదనూరు అని ఊరిపేరు మాత్రము మార్చి ఒకే విషయమును పది పుటలుగా పెట్టుటయు, పెద్ద సైటులనుండి వర్ణనలు ఎత్తివ్రాయుటయు ఇట్టివే. 2011లో గూగుల్ తెచ్చిన ‘పాండా’ అను మార్పు అట్టి పుటలను వెనుకకు నెట్టెను. పెద్ద పెద్ద ఫోటోలు పెట్టినచో పల్లెలోని ఫోనులో పుట తెఱచుకొనదు. గూగుల్ ఇప్పుడు పుటయొక్క ఫోనురూపమునే ముఖ్యముగా చదువును. మ్యాపులో ఒక ఫోను నంబరు, పుటలో మఱియొకటి ఉండరాదు. అమ్ముడైన సైటులను అట్లే ఉంచుటయు తగదు.

ఆ కోపగించిన పెద్దమనిషి సంగతి చెప్పవలసియున్నది. ఆయన అనంతపురమున పదవీవిరమణ చేసిన ఉద్యోగి. ‘విమానాశ్రయమునకు అతి చేరువ’ అను మాట చదివి, బయానా సొమ్ముతో బస్సెక్కి బాగేపల్లిలో దిగెను. విమానాశ్రయము అచటికి 60 కిలోమీటర్లకు మించి దూరము. దిగినవాడు బస్‌స్టాండులో ఒక కాఫీ త్రాగి, మా విద్యార్థికి ఫోను చేసి నాలుగు మాటలని, తిరుగు బస్సు పట్టుకొనెను. ఆ పుట ఎస్‌.ఇ.ఓ. దృష్టితో పనిచేసినదనియే చెప్పవలెను. వెదకినవానికి దొరకినది గదా!

2016 నాటి రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టము ఇట్టివానిని ఊరక వదలలేదు. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటును నమోదు చేయింపక ప్రకటింపరాదు. ప్రకటనలో నమోదు సంఖ్యయు, అథారిటీ వెబ్‌సైటు చిరునామాయు స్పష్టముగా ఉండవలెను. ఏజెంటును నమోదు చేసికొనవలెను. అబద్ధపు ప్రకటన నమ్మి సొమ్ము కట్టి నష్టపోయినవానికి లేఅవుటు వేసినవాడు పరిహారమీయవలెనని 12వ సెక్షను చెప్పుచున్నది. మేము చూచిన పుటలలో ఆ సంఖ్య కొన్నిట లేదు, కొన్నిట బొమ్మలో కలదు. జాగ్రత్తగల కొనుగోలుదారు ముందు వెదకునది ఆ సంఖ్యనే.

చివరి సాయంకాలము మా విద్యార్థిచేత ఒక పుటను మేమే వ్రాయించితిమి. గ్రామము, హోబళి, తాలూకా, సర్వే నంబరు, వ్యవసాయేతర భూమిగా మారిన ఉత్తరువు, నమోదు సంఖ్య, కొలత అడుగులలోను గుంటలలోను సెంట్లలోను, బస్‌స్టాండుకు దూరము, విమానాశ్రయమునకు నిజమైన దూరము. “ళ్ళ వ్రాయనా, ళ్ల వ్రాయనా సార్?” అని అతడడిగెను. శీర్షికలో ళ్ల వ్రాయుమంటిమి. ఆ ఒత్తు మాకు నచ్చినది కాదు. కాని వెదకువారము మేము కాము.

ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల విద్యార్థులు తమ ఊరిపేరును ఇంటిలోనివారు పలుకు తీరుగా ఒకమాఱు, పహణీలో ఉన్నట్లుగా ఒకమాఱు, బస్సు బోర్డుపై ఉన్నట్లుగా ఒకమాఱు వ్రాసి, మూడింటిని ఫోనులో వెదకి, ఏ ఊరు వచ్చినదో దసరా సెలవుల పిమ్మట మాకు చూపవలెను.