టోబీయా సామాను

పాఠము: నెహెమ్యా 13వ అధ్యాయము, 4 నుండి 10 వచనములు. ఇంటివారందరు కూడినప్పుడు ఒకరు పైకి చదువగా మిగిలినవారు వినవలెను.



క్రిస్మసు పండుగ సమీపించినప్పుడు సున్నము వేయని క్రైస్తవ గృహము మన పల్లెలలో అరుదు. అన్నమునకు ఇబ్బందియైనను సున్నమునకు లోటు రానీయము. అయితే ఇండ్లు దర్శించుచు తిరుగు మేము ప్రతి సంవత్సరము ఒక సంగతి చూచుచున్నాము. గది మూలనున్న సామాను కుప్పను కదలింపక దాని చుట్టు సున్నము వేయుదురు. కుప్ప ఎంత ఎత్తున్నదో గోడమీద అంతమేర పాతరంగు నిలిచియుండును. అందులో ఏమున్నదని అడిగితే ఇంటి యజమానికి తెలియదు, ఇల్లాలికి సగము తెలియును. “ఎప్పుడైనా పనికొస్తాయని ఉంచామండీ అయ్యగారూ” అందురు.

శుభ్రత దైవభక్తికి పొరుగిల్లని ఒక మాట మనలో వాడుకగా నున్నది. అది ఏ అధ్యాయములోనిదని మమ్ము అడిగినవారును కలరు. అది బైబిలులో లేదు. 18వ శతాబ్దమున జాన్ వెస్లీగారు వస్త్రధారణనుగూర్చి చేసిన ఒక ప్రసంగములో ఆ మాట వాడిరి. మంచి మాటయే. గాని ఈ నెల పాఠములో మేము శుభ్రతకంటె ముందుగా చోటునుగూర్చి మాటలాడగోరుచున్నాము. ఈ గది ఎవరికొరకు కట్టబడినది? ఇప్పుడందులో ఏమున్నది?

యెరూషలేములో మందిరమునకు చేరిన గదులలో ఒకటి చాల పెద్దది. జనులు తెచ్చిన నైవేద్యములు, సాంబ్రాణి, పాత్రలు, ధాన్యము, ద్రాక్షారసము, నూనె అన్నియు అక్కడ నిలువచేయుట వాడుక. లేవీయులు, పాటలు పాడువారు, ద్వారములయొద్ద కావలియుండువారు బ్రదుకుటకు ఆధారము ఆ నిలువయే. నెహెమ్యా రాజునొద్దకు ప్రయాణమై పోయియున్న కాలములో, ఆ గదుల బాధ్యత వహించిన ఎల్యాషీబు అను యాజకుడు తనకు సంబంధియైన టోబీయాకు ఆ గది ఇచ్చివేసెను. నెహెమ్యా తిరిగివచ్చి సంగతి తెలిసికొని ఎంతో బాధపడెను. టోబీయా సామానంతయు బయట వేయించెను. గదులు కడిగి శుద్ధిచేయుడని చెప్పి, పూర్వమక్కడ ఉండవలసినవాటిని మరల అక్కడనే పెట్టించెను.

ఈ భాగముమీద ప్రసంగించువారు టోబీయా దుర్మార్గమునుగూర్చియే ఎక్కువగా చెప్పుదురు. మా కన్ను 10వ వచనము దగ్గర ఆగినది. లేవీయులును గాయకులును తమ పాలు అందక పొలములకు పోయిరట. వారిని పొమ్మని ఎవరైన చెప్పినట్లు అక్కడ వ్రాయబడలేదు. వారి ధాన్యముండవలసిన గదిలో మరియొకని మంచములు, పెట్టెలు చేరినవి. చోటు పోయినవారు తగవులాడరు, మెల్లగా తామే వెళ్లిపోవుదురు. ఇది మేము గ్రంథములలో చదివి చెప్పుచున్నది కాదు, కన్నులార చూచినది.

2023వ సంవత్సరము జూలై నెలలో, వాన విడువక కురియుచున్న యొకనాడు, మన సంఘములో ఒక అవ్వకు దగ్గు ఎక్కువగా నున్నదని విని ప్రార్థనకు వెళ్లితిమి. కుమారుడు రెండు గదుల డాబా కట్టుకొన్నాడు. అవ్వ మంచము మాత్రము బయట గేదెల రేకుల కొట్టములో నున్నది. జల్లు పడకుండ మంచమునకు ఒకవైపు ఎరువుల సంచులు కుట్టి కట్టినారు. మేము గదిలోనికి తొంగిచూచితిమి. నిండ ఖాళీ గోనెలు, చెడిపోయిన మందు పిచికారి, పాత టీవీ, మోటారుసైకిలు టైర్లు, ఇల్లు కట్టినప్పటి చెక్కలు, విరిగిన ప్లాస్టికు కుర్చీలు, పెండ్లిలో వచ్చి అట్టపెట్టె విప్పని స్టీలు సామాను. అడుగు పెట్టుటకు వీలులేదు.

కుమారుడు చెడ్డవాడు కాడు. తల్లికి వేళకు అన్నము పెట్టును, మందులు తెచ్చును. మునుపటి వేసవిలో ఉక్క భరించలేక అవ్వయే వారము దినములకని మంచము బయట వేయించుకొన్నదట. ఖాళీగా నున్నది గదా యని మొదట రెండు గోనెలు ఆ గదిలో పెట్టిరి. తరువాత ఒక్కొక్కటి వచ్చినది. ఎవరును తీర్మానము చేసి ఆమెను బయటికి పంపలేదు. మేము అడుగగా అవ్వ, “నాదేముందిలే అయ్యగారూ, ఎన్నాళ్లు ఉంటాను? సామాను తడిస్తే బిడ్డకి నష్టం గదా” అన్నది.

కుమారుని మందలింపవలెనను కోపముతో ఇంటికి వచ్చితిమి. మా వాకిలి తెరచిన తోడనే ఆ కోపము తగ్గినది. మేముండు ఇల్లు మిషను వారి కాలమున కట్టినది. దానికి ముందుగది యొకటి. రాత్రివేళ కష్టముతో వచ్చువారు కూర్చుండుటకు, రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవువారు బస్సు వచ్చువరకు ఆగుటకు దానిని కట్టిరి. ఆ గదిలో ఆనాడున్నవి ఏవనగా: మందిరపు విరిగిన బల్లలు, ఎలుకలు తిత్తి కొరికిన హార్మోనియము, కాలిపోయిన మైకు గొట్టములు, క్రిస్మసు నక్షత్రముల వెదురు చట్రములు, మూడు సంవత్సరముల కూడికల ఫ్లెక్సీలు, చెదలు పట్టిన ఆదివారపుబడి కాగితములు, సెమినరీలో కొని మేము ఎన్నడు విప్పని పుస్తకములు. వచ్చినవారితో వేపచెట్టు క్రింద నిలువబడి మాటలాడుట మాకు అలవాటైపోయినది. ఒక సహోదరుడు తన ఇంటి సంగతి చెప్పుకొన వచ్చి, దారిన పోవువారిని చూచి, “మళ్లీ వస్తానండీ” అని వెళ్లినది అప్పుడు జ్ఞాపకము వచ్చినది. ఆయన తిరిగి వచ్చుటకు రెండు సంవత్సరములు పట్టినది. అప్పటికి ఆ సంగతి ముదిరిపోయినది.

మరునాడే నెహెమ్యావలె నడుము కట్టితిమి. ఇచ్చట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఊపులో పాత సామాను కొనువానిని పిలిచి, అటకమీది తుప్పుపట్టిన రేకుపెట్టెను, కదలించి చూచి తేలికగా నున్నదని 40 రూపాయలకు ఇచ్చివేసితిమి. అందులో మా ఇంటివారి తల్లిగారు బ్రతికియుండగా వ్రాసిన ఉత్తరములున్నవి. సాయంకాలము సంగతి బయటపడినది. తెల్లవారి మండల కేంద్రములోని పాత ఇనుము కొట్టుకు పరుగెత్తితిమి. పెట్టె దొరికినది, ఉత్తరములు దొరకలేదు. మా ఇంటివారు కొంతసేపు ఊరకుండి, “నెహెమ్యా పారేయించింది టోబీయా సామాను గానీ ఇంట్లోవాళ్ల సామాను కాదు గదండీ” అన్నారు. ఆ మాటకు ఏ వ్యాఖ్యాన గ్రంథములోను మాకు జవాబు దొరకలేదు.

కాబట్టి మీరు పూనుకొనునప్పుడు మొదట దీనిని గుర్తుంచుకొనుడి. ఒకరి వస్తువును వారు లేనప్పుడు తీయకూడదు. మూత తెరువకుండ ఏ పెట్టెయు గడప దాటకూడదు. ముసలివారి పెట్టె మనకు చెత్తగా కనబడును. అందులో గతించిన భర్త గొడుగుండవచ్చును, చిన్ననాడే పోయిన బిడ్డ పలక యుండవచ్చును. వాటికి చోటు ఇవ్వవలెను. ఆమె బ్రతికియున్నంతవరకు ఆ పెట్టె టోబీయా సామాను కాదు.

ఇల్లంతయు ఒక్కదినమున తలక్రిందులు చేయవద్దు, సాయంకాలమునకు నడుము పట్టివేసి అంతయు మరల ఎత్తిన చోటనే పడును. ఒక దినమునకు ఒక మూల చాలును. మూలలోనిదంతయు ఎండలో వాకిట పరచుడి. లోపలనుండగా ప్రతిదియు పనికివచ్చునదిగానే కనబడును. ఎండలో దాని సంగతి తెలియును. పోయిన క్రిస్మసునుండి ఈ క్రిస్మసువరకు ఒక్కమారైన చేతబట్టనిదైతే ఎవరికి అక్కరయో విచారింపుడి. ఇచ్చునది మాత్రము ఇవ్వదగినదై యుండవలెను. చినిగిన చీరను బీదవారికిచ్చి దానమని లెక్కవేయుట మన భారము వారి నెత్తిన పెట్టుటయే.

కాగితములనుగూర్చి మరి జాగ్రత్త. పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకము, పిల్లల సర్టిఫికెట్లు, బాప్తిస్మ పత్రిక, వీటన్నిటిని ఎలుక చొరని ఒక్క డబ్బాలో పెట్టి, ఆ డబ్బా ఎక్కడున్నదో ఇంటిలో పెద్దవారందరు ఎరిగియుండవలెను. లూకా 15లో నాణెము పోగొట్టుకొన్న స్త్రీ దీపము ముట్టించి ఇల్లంతయు ఊడ్చినది. నేలమీద సామాను లేదు గనుక ఊడ్వగలిగినదని మేమనుకొందుము. మన ఇండ్లలో కొన్నిటిలో ఆ నాణెము నేటికిని దొరకదు.

ఇక పెరడు. ఇల్లు సర్దుచు పనికిరానిదంతయు పెరటిలోనికి విసరుట మనకు అలవాటు. అప్పుడు ఇల్లు శుభ్రమగును, ప్రాణాపాయము పెరుగును. పైని చెప్పిన గది ఖాళీచేసిన రెండు వారములకే మాకు ఈ పాఠము కలిగినది. శుక్రవారము డ్రై డే యని ఆరోగ్య కార్యకర్తయైన అమ్మాయి ఇంటింటికి తిరుగుచు మా ఇంటికిని వచ్చినది. “అయ్యగారూ, ఏమనుకోకండి” అని, మేము ముందుగదినుండి తీసి గోడప్రక్కన పెట్టిన మైకు గొట్టములోని వాననీటిని తెల్లని గిన్నెలోనికి వంచి చూపినది. సన్నని పురుగులు గిలగిల కొట్టుకొనుచున్నవి. విరిగిన రోటిలోను అవియే, కొబ్బరి చిప్పలలోను అవియే. డెంగీ జ్వరము తెచ్చు దోమ పగటివేళ కుట్టును. మురికి కాలువకంటె ఇట్టి నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమ యగుటకు సుమారు 7 మొదలు 10 దినములు చాలును, అందుకే వారమున కొకమారు నీరు పారబోయుమనుట. గ్రుడ్లు పాత్ర లోగోడకు అంటుకొని, నీరెండినను నెలల తరబడి చావక, మరల వాన పడగానే పొదుగబడును. గనుక తొట్టిని వంచుట చాలదు, లోగోడను పీచుతో గట్టిగా రుద్దవలెను. టైర్లు, చిప్పలు, పగిలిన కుండలు వాన తగులని చోట నుండవలెను, లేదా పోవలెను.

గోడకు ఆనించి పేర్చిన కట్టెలు, ఇటుకలు, గోనెలు ఎలుకలకు నివాసము. ఎలుకవెంట పాము వచ్చును. నాగుపాము, రక్తపింజర మనకు తెలిసినవే. మేము ఎక్కువ భయపడునది కట్లపాము. అది రాత్రి ఇంట చొరబడి నేలమీద నిద్రించువారిని కరచును. కాటు చీమ కుట్టినట్లుండును, ఒక్కొక్కప్పుడు తెలియనే తెలియదు. నొప్పి లేదని తెల్లవారువరకు ఆగక, కోయక, కట్లు బిగింపక, మంత్రము పెట్టువారియొద్దకు పోక, తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. విషమునకు విరుగుడు సూది అక్కడనే యున్నది. కట్టెలను ఇంటికి దూరముగా, నేలకు ఎత్తుగా పేర్చుడి. మంచముమీద దోమతెర కట్టి అంచులు పరుపు క్రింద దోపి పండుకొనుట దోమకును పామునకును అడ్డు.

పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినను కిరసనాయిలుకుగాని నీటికిగాని వాడరాదు. వాడుటకు మిగిలియున్న మందును ఇంటిలో వండుకొను వస్తువులతో నుంచక, తాళము వేసి, పిల్లలకందకుండ దాచుడి. ఖాళీ డబ్బాకు మరల వాడకుండ చిల్లులు పొడువుడి. ఇట్టి డబ్బా అందుబాటులో నుండుటవలన కోపములో, దుఃఖములో ఒక్క నిమిషమున ఎన్ని ఇండ్లు కూలినవో సమాధి కూడికలు జరుపు మాకు తెలియును. ఇంతకంటె ఇక్కడ వ్రాయజాలము.

రాలిన ఆకులను కాల్చవద్దు, ప్లాస్టికును అంతకన్న కాల్చవద్దు. ఇంటికి దూరముగా మూడడుగుల గుంట త్రవ్వి ఆకు, పేడ, మన్ను వరుసలుగా వేసి తడి ఆరకుండ చూచిన, మూడు నాలుగు నెలలలో కూరపాదులకు మంచి ఎరువగును. వయ్యారిభామ కనబడితే పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా నున్నప్పుడు, చేతికి గుడ్డ చుట్టుకొని వేరుతో పెరుకుడి. దురద పెట్టును. పూచినదా, వేలకొలది విత్తనములు చల్లును.

అవ్వ సంగతి చెప్పక విడుచుట తగదు. కుమారుని మందలింపవలెనని బయలుదేరిన మేము, సిగ్గుపడి, మా బల్లలు మోయుటకు సాయము రమ్మని అతని పిలిచితిమి. వచ్చి, మోసి, ఖాళీయైన ముందుగదిలో కూర్చుండి మజ్జిగ త్రాగి, ఏమియు అనక వెళ్లెను. ఆగస్టు మాసాంతమునకు టైర్లు అమ్మివేసిరి, చెక్కలతో గేదెలకు దడి కట్టిరి, స్టీలు సామాను వంటింటికి వచ్చినది. అవ్వ మంచము లోపల కిటికీప్రక్క వేసిరి. టీవీ మాత్రము అతడు వదలలేదు. అవ్వ దానిమీద తన బైబిలును కండ్లజోడును పెట్టుకొనుచున్నది.

మన మందిరపు వెనుకగది యింకను మిగిలియున్నది. ఆదివారపుబడి చిన్నపిల్లలు ఎండలో వేపచెట్టు క్రింద కూర్చుండుటకు కారణము ఆ గదియే. వచ్చు శనివారము ఉదయము 7 గంటలకు స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు, పెద్దలు గంపలు, చీపుళ్లు తీసికొని రావలెను. లోపలనున్న పెట్టెలు ఎవరివో వారు తప్పక రండి. తాళపుచెవి మాయొద్దనున్నది.