భోజనశాలయందు యంత్రము

విద్యార్థులారా! భోజనశాలలో యంత్రము ప్రవేశించినచో పనివాని జీవనమేమగును? రెండు దేశముల యనుభవము నాలోచింతము.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందు 1902వ సంవత్సరమున హార్న్, హార్డార్టు అనువారు జర్మనీనుండి యంత్రములు తెప్పించి 'ఆటోమేట్' అను భోజనశాలను తెరచిరి. ఇట్టి శాలలలో గోడకు గాజుతలుపులుగల చిన్న యరలుండెడివి. నాణెము వేసి పిడి త్రిప్పగా తలుపు తెరచుకొనును. తినువాడే పదార్థమును తీసికొనును. వడ్డించువారు కానరారు. అయినను గోడవెనుక వంటవారును, ఖాళీయైన యరలను నింపువారును ఎడతెగక పనిచేయుచునే యుండిరి. యంత్రము వారి శ్రమను కొంత తగ్గించెను. మిగిలిన శ్రమను కంటికి మరుగుచేసెను. న్యూయార్కులోని కడపటి ఆటోమేట్ 1991లో మూతపడెను.

జపానుదేశమందలి టోక్యోలో 2021వ సంవత్సరమున 'డాన్' అను కాఫీశాల తెరవబడెను. అందు మరబొమ్మలు కొన్ని బల్లమీదనుండి అతిథులతో మాటలాడును. కొన్ని పానీయములు తెచ్చి యిచ్చును. వానిని దూరమునుండి నడుపువారు వ్యాధిచేతనో అంగవైకల్యముచేతనో ఇల్లు వెడలుట కష్టమైనవారు. వారిలో కొందరు పడకమీదనుండియే అతిథులను చూచుచు, పలుకరించుచు, జీతము గడించుచున్నారు.

కావున యంత్రము మంచిదా, చెడ్డదా యని యడిగిన చాలదు. అది యెవరి పనిని తీసివేయుచున్నది, ఎవరికి పని కల్పించుచున్నది, మిగిలిన లాభము ఎవరికి చేరుచున్నది యని యడుగవలెను. మీరిక నెప్పుడైన హోటలునకు పోయినపుడు, వంటయింటి గోడకు ఆవల నున్నవారిని ఒక్కమారు తలచుకొనుడు.