సాంచి తోరణాలను చదువుదాం రండి

ఇంట్లో రెండు వందల రూపాయల నోటు ఉంటే ఒకసారి తిప్పి చూడండి. బోర్లించిన గిన్నెలాంటి కట్టడం, దాని ముందు ఒక ద్వారం కనిపిస్తాయి. అదే మధ్యప్రదేశ్‌లోని సాంచి స్తూపం. భోపాల్ నుంచి 50 కిలోమీటర్ల లోపే ఉంటుంది. హైదరాబాదు నుంచి భోపాల్ మీదుగా ఢిల్లీ వెళ్ళే రైళ్ళు ఆ కొండ పక్క నుంచే పోతాయి. అమ్మగారికో నాన్నగారికో అటువైపు బదిలీ అయినవాళ్ళు ఈపాటికి చూసే ఉంటారు.

చూసినవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతాను. తోరణాల మీద ఏనుగులు, గుర్రాలు, నెమళ్ళు, ఊళ్ళు, ఊరేగింపులు ఎన్నో ఉన్నాయి కదా, బుద్ధుడు ఎక్కడ ఉన్నాడు?

ఎంత వెతికినా మనిషి రూపంలో దొరకడు. ఆ తోరణాలు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో చెక్కినవి. ఆ కాలపు శిల్పులు బుద్ధుణ్ణి చూపించాల్సిన చోట ఒక గుర్తు పెట్టారు. రావిచెట్టు కింద ఖాళీ ఆసనం కనిపిస్తే అది జ్ఞానోదయం. చక్రం కనిపిస్తే సారనాథ్‌లో చేసిన మొదటి బోధ. స్తూపం కనిపిస్తే మహాపరినిర్వాణం. తామరపువ్వు మీద స్త్రీ, అటూ ఇటూ నీళ్ళు పోసే ఏనుగులు కూడా ఉన్నాయి. మన ఇళ్ళలోని గజలక్ష్మి పటమే గుర్తొస్తుంది. ఆమె బుద్ధుని తల్లి మాయాదేవి అని కొందరు పండితులు, కాదు లక్ష్మి అని మరికొందరు అంటారు.

ఈ గుర్తులు తెలిశాక తూర్పు తోరణం దగ్గరకు వెళ్ళండి. మధ్య దూలం మీద ఉన్నది సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి కథ. ఎడమ చివర కపిలవస్తు నగరం. కోట ద్వారంలోంచి కంథకమనే గుర్రం బయటకు వస్తోంది. దాని మీద ఎవరూ లేరు. అయినా పైన గొడుగు పట్టారు! డెక్కల చప్పుడుకు ఊరు లేవకుండా దేవతలు గుర్రం కాళ్ళను చేతులతో పట్టుకున్నారు. అదే గుర్రం కుడివైపుకు వరసగా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. అవి వేరు వేరు గుర్రాలు కావు, ఒకే ప్రయాణం. ఇప్పటి బొమ్మల కథల పుస్తకంలో ఒక్కో గడిలో కథ ముందుకు నడిచినట్టే. కుడి చివర గొడుగు కింద గుర్రం ఉండదు, రెండు పాదముద్రలు ఉంటాయి. సారథి ఛన్నుడు వాటి ముందు మోకరిల్లాడు. ఇక కంథకం తిరుగుముఖం పట్టింది. ఇప్పుడు దాని మీద గొడుగు లేదు. ఒక్క మాటైనా రాయకుండా, వెళ్ళిపోయినవాడు ఇక వెనక్కి రాడని ఆ గొడుగుతోనే చెప్పేశారు. నా మటుకు నాకు సాంచి మొత్తంలో ఇంతకన్నా గొప్ప శిల్పం లేదు.

కట్టడం సంగతి కొంచెం తెలుసుకుందాం. మొదట అశోకుడు క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఇటుకలతో చిన్న స్తూపం కట్టించాడు. తరువాతి శతాబ్దంలో దానిమీద రాతి తొడుగు వేసి సుమారు రెట్టింపు చేశారు. ఇప్పుడు అడుగున వెడల్పు దాదాపు 36 మీటర్లు, ఎత్తు 16 మీటర్లు. గుండ్రని భాగాన్ని అండం అంటారు. పైనున్న చదరపు పిట్టగోడ హర్మిక, దాని మధ్యలో మూడు ఛత్రాలు. చుట్టూ ఉన్న రాతి కంచెను గమనించండి. కొయ్య కంచెకు చేసినట్టే నిలువు స్తంభాలకు తొలులు తొలిచి అడ్డకమ్మీలు దూర్చారు. ఆ కమ్మీ పేరు సూచి, అంటే సూది. వడ్రంగి పనిని రాతిలో చేశారన్నమాట. స్తూపం లోపలికి గది ఉండదు. కుడిచేయి స్తూపం వైపు ఉండేలా చుట్టూ ప్రదక్షిణ చేయడమే ఇక్కడి పూజ. విగ్రహాలు తరువాత వచ్చాయి. గుప్తుల కాలంలో నాలుగు ద్వారాలకు ఎదురుగా నాలుగు బుద్ధ విగ్రహాలు పెట్టారు. దగ్గరలోనే చదునైన కప్పుతో, ముందు నాలుగు స్తంభాలతో ఒక చిన్న గుడి ఉంది. దాన్ని 17వ నంబరు ఆలయం అంటారు, అదీ ఆ కాలానిదే.

ఇంత పనికి డబ్బు ఎవరిచ్చారు? రాజులే అనుకుంటాం. జవాబు రాళ్ళ మీదే ఉంది, కానీ ఆ బ్రాహ్మీ లిపిని చదవడం వందల ఏళ్ళపాటు ఎవరికీ రాలేదు. దాన్ని విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ కూడా బదిలీల ఉద్యోగే. కాశీ టంకశాలలో పనిచేసి కలకత్తా టంకశాలకు వచ్చాడు. 1837లో సాంచి కంచె మీది చిన్న చిన్న శాసనాల నకళ్ళు ఆయనకు అందాయి. దాదాపు అన్నీ ఒకే రెండు అక్షరాలతో, చివర ఒక చుక్కతో ముగుస్తున్నాయి. గుడిలో ఇంతమంది విడివిడిగా ఏం రాయించుకుంటారు? తామిచ్చినది రాయించుకుంటారు. అంటే ఆ మాట ‘దానం’ అయి ఉండాలి! దానికి ముందు తరచుగా వచ్చే అక్షరం ‘స’, అంటే ‘యొక్క’. ఫలానావారి దానం. ఆ ‘దా’, ‘నం’లు చేతికి చిక్కాక మిగతా అక్షరాలూ విడిపోయాయి, అశోకుని శాసనాలు చదవడానికి దారి దొరికింది. ఇంత పెద్ద చిక్కుముడిని విప్పిన మాట మనం రోజూ తెలుగులో వాడేదే.

చదివాక తేలిందేమంటే, ఆ రాళ్ళు ఇచ్చినవాళ్ళు వందలమంది. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, నేతగాళ్ళు, గృహిణులు. ఉజ్జయిని నుంచి ఇచ్చినవాళ్ళూ ఎక్కువే. ఒక్కొక్కరు ఒక కమ్మీ, ఒక పలక. దక్షిణ తోరణం మీది చెక్కడం విదిశలోని దంతపు పనివాళ్ళు చేశారని అక్కడే రాసి ఉంది. ఏనుగుదంతం మీద అలవాటైన చేతులు కాబట్టే రాతిలో అంత సన్నని పని వచ్చింది కాబోలు. అదే తోరణం పై దూలం ఆనందుడనే అతని దానం. అతను శ్రీ శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద. శాతకర్ణులు అంటే సాతవాహనులు, మన తెలుగు నేలనూ ఏలిన వంశం.

వెళ్ళేటప్పుడు శుక్రవారం వద్దు, మ్యూజియం సెలవు. కంచె దగ్గర కాసేపు ఆగి వెతకండి. నిలువు గీత, దాని అడుగున అడ్డగీత ఉంటే అది బ్రాహ్మీ ‘న’. పక్కన చుక్క ఉంటే అది సున్న. ‘నం’ దొరికితే ‘దానం’ దొరికినట్టే. ఇక దానికి ముందున్నది ఇచ్చినవాళ్ళ పేరు.