ఏ స్విచ్చి ఏ పిన్నుది? హాజరు పిలుద్దాం!



మన సైన్సు గదిలో బీరువా మీద ఉన్న పెట్టెని మీరంతా చూసే ఉంటారు. అది రైలు సిమ్యులేటర్‌ది. రైలు కంప్యూటర్ తెర మీద నడుస్తుంది. స్విచ్చులు, లివరు మాత్రం మనం నిజంగా చేత్తో కదపాలి. దాన్ని చేసిన అక్కలు పదో తరగతి అయిపోయి వెళ్ళిపోయారు. వైర్లన్నీ ఒకటే రంగు. ఏది దేనిదో రాసిన కాగితం లేదు. నెలాఖరుకి పని చెయ్యకపోతే విప్పేసి ఆ సామాను వేరే వాటికి వాడతామని సారు చెప్పారు. అందుకే ఈ పాఠం.

లోపల ఉన్నది ఆర్డినో లియోనార్డో బోర్డు. ఇది కంప్యూటర్‌కి కీబోర్డులాగా, జాయ్‌స్టిక్‌లాగా కనిపించగలదు. వైర్లు గుచ్చే చోట్లని పిన్నులు అంటారు.

వైరు వెంట వేలు పెట్టుకొని వెతకొద్దు. వార్డెన్ మేడం రాత్రి హాజరు పిలిచినట్టు బోర్డు చేత పిన్నులకి హాజరు పిలిపిద్దాం.

1. స్విచ్చి ఒక వైరు పిన్నుకి, రెండో వైరు గ్రౌండ్‌కి ఉండాలి.

2. ప్రోగ్రాంలో 2 నుంచి 12 దాకా పిన్నులన్నీ 'ఇన్‌పుట్ పులప్' అని పెట్టాలి. 'అవుట్‌పుట్' అని పెట్టకూడదు. అట్లా పెట్టి స్విచ్చి నొక్కితే పిన్ను పాడవ్వొచ్చు.

3. బోర్డు ఒక్కో పిన్నుని మళ్ళీ మళ్ళీ చదవాలి. ఏది మారితే దాని నంబరు తెర మీద రాయాలి.

4. ఒక్కరు నొక్కాలి, ఒక్కరు చూడాలి, ఒక్కరు రాయాలి.

నొక్కితే 1 రావాలి కదా అనుకుంటాం. కానీ 0 వస్తుంది. ఎందుకంటే పులప్ అనేది బోర్డు లోపలి రెసిస్టర్. అది పిన్నుని 5 వోల్టుల వైపు పట్టి ఉంచుతుంది, అదే 1. నొక్కగానే పిన్ను గ్రౌండ్‌కి కలుస్తుంది, అదే 0.

ఏమీ మారకపోతే వైరు ఊడి ఉంటుంది. ఒక్కసారి నొక్కితే రెండు పిన్నులు మారితే వైర్లు ఒకదానికొకటి తగులుతున్నట్టు. నొక్కకుండానే ఎప్పుడూ 0 ఉంటే స్విచ్చి కాళ్ళు చూడండి. నాలుగు కాళ్ళ స్విచ్చిలో రెండేసి కాళ్ళు లోపలే కలిసి ఉంటాయి. రెండు వైర్లూ ఒకే జతకి కడితే అట్లా అవుతుంది.

లివరు సంగతి వేరు. దానికి మూడు వైర్లు. చివరి రెండూ 5 వోల్టులకి, గ్రౌండ్‌కి పోతాయి. నడిమిది అనలాగ్ పిన్నుకి పోతుంది. దీనికి పులప్ వద్దు. లివరు జరిపితే అంకె 0 నుంచి 1023 దాకా మారుతుంది. వైరు లేని అనలాగ్ పిన్ను కూడా ఊరికే అంకెలు మారుస్తుంది, దాన్ని నమ్మొద్దు. లివరు జరిపినప్పుడు జరిగి, ఆపితే ఆగేదే మనది.

మేము కనుక్కున్నవి: హారన్ 2, లైటు 3, వైపరు 5, ముందుకి 6, వెనక్కి 7, లివరు ఎ0. బ్రేకు స్విచ్చికి ఏ నంబరూ మారలేదు. దాని గ్రౌండ్ వైరు ఊడి ఉంది. బిగించాక 9 వచ్చింది.

ఈ పట్టీ పెట్టె మూత లోపల అంటించాము. మనలో చాలామందికి ఇంటి దగ్గర అడిగితే చెప్పేవాళ్ళు లేరు. తెలిసింది రాసి పెడితే మన తరవాత వచ్చే చెల్లెళ్ళు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోనక్కర లేదు.

ఆలోచించండి: హారన్, లైటు ఒకేసారి నొక్కితే ఏ పిన్నుల్లో 0 వస్తుంది? జవాబు చీటీ మీద రాసి ఆదివారం లోపల ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని