రేవులో నిలబడినదెవరు?



మన హైదరాబాదు పాతబస్తీ అంచున ఉన్న ఇమ్లీబన్ బస్‌స్టేషన్ ఒక దీవి మీద ఉందని మీలో ఎంతమంది గమనించారు? మూసీనది రెండు పాయల నడుమ ఉన్న నేలమీద కట్టిన ఆ బస్‌స్టేషన్ 1994లో ప్రారంభమైంది. తెల్లవారుజామున వెళ్లి చూడండి. బస్సు ఆగగానే కొందరికి అన్నో, మేనమామో ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంటాడు. మరికొందరు మూటలు కింద పెట్టి, పిల్లలను దగ్గరకు తీసుకుని, ఎటు పోవాలో తెలియక నిలబడతారు. వారికోసం ఎవరూ రారు. వస్తే కూలికి తీసుకుపోయే మేస్త్రీ వస్తాడు.

ఎదురుచూడటం రెండు విధాలు. ఒకటి మనిషి కోసం, రెండవది మనిషి చేసే పని కోసం. ఈ భేదం తెలుసుకోవడానికి మన తెలుగువారి చరిత్రలోనే ఒక పాఠం ఉంది.

హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవిలో 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు పనివారు కావాలి. అందుకని మన దేశం నుండి ఒప్పంద కూలీలను రప్పించారు. 1834 నుండి 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షలమంది అక్కడ ఓడ దిగారు. వారిలో మనవారూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవును 1839 నవంబరులో ఉప్పెన ముంచివేసింది. నాలుగేళ్ల తరువాత, 1843లో, ఆ రేవు పేరే పెట్టుకున్న 'కోరంగి ప్యాకెట్' అనే నౌక తెలుగు కూలీలతో మారిషస్ చేరింది. అక్కడ తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరు కూడా వచ్చింది.

పోర్ట్ లూయీ రేవులో వారికోసం ఎదురుచూసినదెవరు? 1849లో అక్కడ వలస కూలీల డిపో వెలిసింది. రాతిమెట్లు ఎక్కి వచ్చినవారి పేరు, తండ్రిపేరు, వయసు, ఊరు రిజిస్టరులో రాసి ఒక నంబరు ఇచ్చేవారు. అక్కడినుండి తోటలకు పోవలసిందే. ఓడలో అంటువ్యాధి ఉంటే రేవుకే రానిచ్చేవారు కాదు. 1856లో కలరా కారణంగా రెండు నౌకల ప్రయాణికులను గాబ్రియేల్ అనే చిన్న దీవిలో దింపారు. సరైన వసతి లేక అనేకమంది అక్కడే కన్నుమూశారు.

రిజిస్టరు రాసిన గుమాస్తాను నేను నిందించను. ఆ రిజిస్టర్లు నేటికీ మారిషస్‌లోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. వాటివల్లనే మునిమనుమలు తాతల ఊరిపేరు తెలుసుకుంటున్నారు. లెక్క రాయడం తప్పు కాదు. లెక్కతోనే ఆగిపోవడం తప్పు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని కాంట్ అనే తత్వవేత్త బోధించినట్లు సెమినరీలో చదువుకున్నాము. ఆ బోధ అర్థం కావాలంటే రేవులో నిలబడి చూడాలి.

ఇప్పుడు మరొక దీవి, మరొక ఓడ. అపోస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. ఖైదీగా రోముకు పోతున్న పునీత పౌలుగారి ఓడ బద్దలై, 276 మంది మాల్టా తీరం చేరారు. వారిలో ఖైదీలున్నారు, సైనికులున్నారు, నావికులున్నారు. వానలో, చలిలో ఆ దీవివారు మంటవేసి అందరినీ చేర్చుకున్నారు. మూడు నెలల తరువాత కావలసినవన్నీ ఇచ్చి సాగనంపారు.

నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. ఒకనాడు ఇమ్లీబన్‌లో ఒక తల్లి చీటీ చూపించి ఆసుపత్రికి దారి అడిగింది. పూజకు వేళ మించిపోతోందని, చేయి అటు చూపి వచ్చేశాను. బలిపీఠం ముందు నిలబడితే ఆ చీటీయే కళ్లముందు కదలాడింది. నాలుగడుగులు ఆమెతో నడిచి ఉంటే ఏమి పోయేది?

పోర్ట్ లూయీ డిపోను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నాడు నంబరుగా దిగినవారి సంతతి నేడు ఆ దీవిలో ఉగాది జరుపుకుంటున్నది. అది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. ఎవరూ ఎదురురాకపోయినా వారు నిలదొక్కుకున్నారు. అయితే ఎదురువెళ్లని తప్పు దానివల్ల మాసిపోదు.

ఈ వారం మీ ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకోండి. మన వీధికి కొత్తగా వచ్చినవారి పేరు మనకు తెలుసా? మన ఇంట పనిచేసే అమ్మ ఊరేదో ఎప్పుడైనా అడిగామా? ఆదివారం గుడిలో వెనుక వరుసలో ఒంటరిగా కూర్చున్నవారిని ఎవరు పలకరించారు?

మంట వేయడానికి పెద్ద సంపద అక్కరలేదు. నాలుగు పుల్లలు చాలు.