మేలుకొనియుండుట నేర్చుకొనవలెను

చదువవలసిన భాగములు: మత్తయి 26:36–46, 1 సమూయేలు 3:1–10



వానలు పడి పొలము పనులు మొదలైనవనిన మన నేలకొండపల్లి చుట్టుపట్ల పల్లెలలో పాముకాటు భయము తప్పదు. భద్రాచలము వైపు అడవి అంచుననున్న గ్రామములకు ఆ భయము మరియు ఎక్కువ. అట్టి రాత్రి ఒక మనిషి ప్రాణము ఆసుపత్రి మంచము ప్రక్కన కూర్చున్న నర్సు కన్నులపై ఆధారపడియుండును. మన సంఘములలోని పిల్లలు కొందరు ఆ చదువు చదువుచున్నారు. ప్రాణాపాయములోనున్న రోగిని కనిపెట్టుట వారికి ఎట్లు నేర్పవలెనో, దానిని గూర్చి వాక్యము మనకేమి బోధించుచున్నదో ఈ నెల ధ్యానించుదము.

1. ప్రేమ ఉన్నను మెలకువ లేకపోయెను

నర్సుపనికి దయగల హృదయముండిన చాలునని మనము తరచుగా అనుకొందుము. గెత్సేమనే తోటలో పేతురును చూడుడి. అతనికి ప్రభువుపై ప్రేమ లేదని ఎవరనగలరు? ప్రభువుతో కూడ చచ్చుటకైనను సిద్ధమని అతడు అంతకు కొంచెము ముందే పలికెను. అయినను ప్రభువు వేదనపడుచుండగా అతడు నిద్రపోయెను. ఒకసారి కాదు, మూడుమారులు ప్రభువు వచ్చి శిష్యులు నిద్రించుట చూచెను. ఆయన వారి ప్రేమను శంకింపలేదు. మనస్సు సిద్ధమైనను శరీరము బలహీనమని ఎరిగియుండెను. కావున ప్రేమ ఒకటి, మెలకువ మరియొకటి. మెలకువను అభ్యాసముచేత నేర్చుకొనవలెను. నర్సు శిక్షణ యొక్క సారము ఇదియే.

2. మంచము ప్రక్కన మెలకువ

ఒక ఉదాహరణము తీసికొందము. నేలపై పండుకొన్న రైతును నడిరేయి కట్లపాము కరచినదనుకొనుడి. ఆ కాటునకు తరచుగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అనుచు లేచును. ఆసుపత్రికి చేర్చునప్పటికి అతని రెప్పలు బరువెక్కి వాలుచుండును. చూచినవారు, “రాత్రి నిద్రలేదు, పాపము కునుకుచున్నాడు” అందురు. శిక్షణ పొందిన నర్సు అట్లనదు. అది నిద్ర కాదు, విషము నరములను పట్టుచున్న గుర్తు అని ఆమె ఎరుగును.

ఆమె ఏమి చేయును? శ్వాసను పూర్తిగా ఒక నిమిషము లెక్కించును. పెద్దవారికి నిమిషమునకు 12 మొదలు 20 వరకు శ్వాసలు సామాన్యము. “ఒకే ఊపిరిలో ఒకటి, రెండు అని ఎంతవరకు లెక్కింపగలవు అన్నా?” అని అడుగును. గంట క్రిందట 20 వరకు లెక్కించినవాడు ఇప్పుడు 12 దగ్గరనే ఆగినయెడల, అతని ఊపిరి కండరములు సడలుచున్నవని గ్రహించును. పురుగుమందు లోపలికి పోయిన రోగియు ఇట్టివాడే. మొదటి దినము తేరుకొన్నట్లు కనబడి, రెండవ లేక మూడవ దినమున తల దిండుపైనుండి ఎత్తలేకపోవును. పిమ్మట ఊపిరియు తగ్గును. “తల ఎత్తు తాతా” అని అడుగుట చిన్న మాటయే గాని ఆ మాటలో ప్రాణమున్నది.

చూచినదానిని వెంటనే పట్టికలో వ్రాయవలెను. పట్టికలో వ్రాయని సంగతి తరువాతి డ్యూటీవారికి తెలియదు.

మరియొక సంగతి. కట్లపాము విషము ముదిరినప్పుడు రోగి కదలలేడు, మాటాడలేడు, కన్ను తెరువలేడు. చచ్చినవానివలె కనబడును. అయినను లోపల మెలకువతో అన్నియు వినుచుండవచ్చును. వెంటిలేటరు సహాయముతో కొన్ని దినములు ఊపిరి నిలిపినయెడల అట్టివారు లేచి ఇంటికి నడచిపోవుట కలదు. అందుచేత విద్యార్థికి నేర్పు పాఠములలో ఇదియు ఒకటి: స్పృహలేదని కనబడు రోగితో కూడ మాటాడవలెను. “ఇప్పుడు నోరు శుభ్రము చేయుచున్నాము, ఇప్పుడు ప్రక్కకు త్రిప్పుచున్నాము” అని చెప్పి చేయవలెను. పుండ్లు పడకుండ సాధారణముగా రెండు గంటలకొకసారి ఒత్తిగిలజేయవలెను. కదలని కన్నులను ఆరిపోకుండ కాపాడవలెను. తోటలో ఒకడు మేలుకొని వేదనపడుచుండగా చుట్టునున్నవారు నిద్రించిరి. ఆ మంచముపైనున్నవానికి అట్టి ఒంటరితనము కలుగనీయకుండుటయే నర్సుపని.

3. విద్యార్థుల చేతులు

1952లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ పట్టణమున పోలియో వ్యాధి ప్రబలెను. ఊపిరి చచ్చుబడిన రోగులు మొదటి మూడు వారములలో 31 మంది రాగా 27 మంది మరణించిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను వైద్యుడు రోగి కంఠమున గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కి ఊపిరి ఎక్కించు పద్ధతి చూపెను. నొక్కుటకు యంత్రములు చాలవు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు మంచముల ప్రక్కన కూర్చుండి చేతులతో సంచులు నొక్కిరి. మరణించువారి సంఖ్య సగము కంటె తక్కువకు పడిపోయెను. నేటి ఐ.సి.యు. వార్డులకు అది యొక మూలము.

మన దేశములోను ఈ విద్యకు పునాదులు వేసినవారు కలరు. 1883లో గుంటూరునకు వచ్చిన అన్నా కుగ్లర్ దొరసాని 1898లో అక్కడ స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరిచెను. వేలూరులో ఐడా స్కడ్డర్ దొరసాని 1909లో నర్సుల పాఠశాల నెలకొల్పగా, 1946లో అక్కడ డిగ్రీ చదువు ఆరంభమాయెను. నేడు జి.ఎన్.ఎం. మూడు సంవత్సరములు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగు సంవత్సరములు. ఆపైన ప్రాణాపాయ రోగుల సేవకే ప్రత్యేకించిన రెండు సంవత్సరముల పై చదువును కలదు.

ఈ విద్య పుస్తకముతో మాత్రము రాదు. మొదట బొమ్మపై నేర్చుకొందురు: ఎద 30 మార్లు నొక్కుట, రెండుమార్లు ఊపిరి ఇచ్చుట, నిమిషమునకు 100 మొదలు 120 వరకు నొక్కు వేగము. బొమ్మపై తప్పినను ఎవరికిని హాని లేదు. పిమ్మట అనుభవముగల సిస్టరుగారి ప్రక్కన నిలిచి చూచెదరు. తరువాత ఆమె చూచుచుండగా తామే చేసెదరు.

4. సమూయేలును ఏలీయు

మందిరములో బాలుడైన సమూయేలు పండుకొనియుండగా పిలుపు వినబడెను. అతడు “భ్రమయేమో” అని మరల పండుకొనలేదు. లేచి ఏలీయొద్దకు పరుగెత్తెను. పొమ్మనగా పోయెను, మరల పిలుపు వినబడగా మరల వచ్చెను, మూడవమారును వచ్చెను. విద్యార్థి నేర్చుకొనవలసినది ఇదియే. అనుమానము కలిగినప్పుడు “నవ్వుదురేమో, కోపపడుదురేమో” అని ఊరకుండరాదు. పెద్దలయొద్దకు వెళ్లవలెను, అవసరమైనయెడల మూడుమారులైనను వెళ్లవలెను.

ఏలీవలన బోధకులు నేర్చుకొనవలసినదియు కలదు. అతడు వృద్ధుడు, దృష్టి మందగించినవాడు, నడిరేయి నిద్రనుండి లేపబడినవాడు. అయినను బాలుని గద్దింపలేదు. మూడవమారు వచ్చినప్పుడు ఇందులో ఏదో ఉన్నదని గ్రహించి త్రోవ చూపెను. ఒకసారి గద్దింపబడిన విద్యార్థి రెండవసారి రాదు. ఆ రాని రాత్రియే రోగికి అపాయము.

5. సంఘము చేయవలసినది

పాముకాటు సంభవించినయెడల మంత్రము పెట్టించుటలోను, పసరు వేయించుటలోను గడియలు పోగొట్టక, కరచిన అవయవమును కదలనీయక నేరుగా ఆసుపత్రికి చేర్చుదము. రోగిని చూడబోయినప్పుడు మంచము చుట్టు మూగక, చేతులు కడుగుకొని ఒకరిద్దరమే వెళ్లి మెల్లగా ప్రార్థించుదము. నర్సును అడుగక నీళ్లైనను నోట పోయరాదు. మ్రింగలేనివానికి అవి ఊపిరితిత్తులలోనికి పోవును. నర్సు చదువునకు పోవు మన అమ్మాయిలను, అబ్బాయిలను చులకనగా మాటాడక గౌరవించుదము. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్లకు పగలు నిద్రపోవుటకు ఇంటిలో ఒక మూల నిశ్శబ్దముగా ఉంచుటయు సేవయే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ప్రభువును ప్రేమించిన శిష్యులు ఎందుకు మేలుకొనలేకపోయిరి? మన ఇండ్లలోని రోగులయెడల మనమెట్లున్నాము?
2. చిన్నవారు మూడుమారులు వచ్చి అడిగినయెడల మనము ఏలీవలె వినుచున్నామా?
3. మన సంఘములో నర్సు చదువుచున్నవారెవరు? వారికి మనము చేయగలిగినదేమి?

ప్రార్థన: కునుకని కాపరియైన ప్రభువా, ఈ రాత్రి రోగుల మంచముల ప్రక్కన కూర్చున్న మా బిడ్డల కన్నులకు మెలకువను, చేతులకు నేర్పును, నోటికి ధైర్యమును దయచేయుము. ఆమేన్.