చివరి చరణం

మీ పాఠశాలలో నవంబరు నెలలో జరిగే రాజ్యోత్సవానికి మీరే ఒక పాట కట్టాలని నిర్ణయించుకున్నారనుకుందాం. పాట మీ తాలూకా గురించే. పావగడ కొండమీది కోట, నాగలమడక దగ్గర పారే ఉత్తర పినాకిని, వాన కోసం మొగం ఎత్తి చూసే వేరుసెనగ చేలు, తిరుమణి చుట్టూ వేల ఎకరాలలో పరుచుకున్న సౌర ఫలకాలు - చెప్పుకోవడానికి సంగతులు బోలెడు. మొదటిరోజే పల్లవి కుదిరింది. ఎవరో ఇంటినుంచి కంజీర తెచ్చారు. రెండోరోజు మొదటి చరణం పూర్తయింది. వారం తిరిగేసరికి "మా బడిలో పాట కడుతున్నాం" అని ఊరంతా చెప్పేశారు.

ఆ తరువాత ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. రెండో చరణం నడక మొదటిదానితో కలవదు. చివరి చరణంలో ఒక మాట ఎంత లాగినా తాళానికి అందదు. సాధనకు పన్నెండుమంది వచ్చేవాళ్ళు ఏడుగురవుతారు. ఎంతో బాగుందనుకున్న పల్లవి విని విని చప్పబడుతుంది. "ఇది వద్దు, కొత్త పాట కడదాం" అని ఒకరంటారు. ఆ మాట అందరికీ నచ్చుతుంది. కొత్త పాటలో ఇంకా చిక్కులు లేవు కదా!

విఘ్నాలకు భయపడి పని మొదలే పెట్టనివారు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవారు, ఎన్ని అడ్డంకులొచ్చినా వదలనివారు అని భర్తృహరి మనుషులను మూడు తరగతులుగా చెప్పాడు. ఆ పద్యం మీరు చదివే ఉంటారు. అయితే మూడో తరగతివారికి ఆ పట్టు రోజురోజుకూ ఎలా నిలుస్తుందో చెప్పే చోటు నాలుగు పాదాల పద్యంలో లేదు. దానికి నిజంగా పని చేసినవారి చరిత్ర చూడాలి. అటువంటి ఒక తెలుగు పుస్తకం కథ ఇది. అది పుట్టింది తెలుగునాట కాదు. మీలాగే తెలుగు మాట్లాడుతూ మరో భాషవారి నడుమ బతికినవారి మధ్య, తమిళదేశంలో పుట్టింది.

ఇప్పటి తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో ఎట్టయపురం అనే ఊరుంది. ఒకప్పుడు అది తెలుగు మూలాలున్న పాలకుల సంస్థానం. కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడే కన్నుమూశారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ ఆస్థానంలో విద్వాంసులు. విదేశాలనుంచి వచ్చిన వయొలిన్‌ను మన సంగీతానికి అలవాటు చేసిన మొదటివారిలో ఆయన ఒకరు. ఆయన తన కూతురి కొడుకును దత్తత చేసుకుని సంగీతం నేర్పారు. ఆ పిల్లవాడే 1839లో పుట్టిన సుబ్బరామ దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు ఆ ఇంట నోటినుంచి నోటికి, చేతిరాత పుస్తకాలనుంచి చేతిరాత పుస్తకాలకు వచ్చాయి. వాటిని సరిగా ఎరిగినవారిలో సుబ్బరామ దీక్షితులు ముఖ్యులు.

అదే కాలంలో మద్రాసులో చిన్నస్వామి మొదలియారు అనే ప్రభుత్వోద్యోగి ఉండేవారు. ఆయన పాశ్చాత్య సంగీతం కూడా నేర్చినవారు. మన పాటలు పాడేవారితోనే పోతున్నాయని ఆయనకు దిగులు. వాటిని పాశ్చాత్యుల స్వరలిపిలో అచ్చువేయాలని 1892లో ఒక పత్రిక మొదలుపెట్టారు. ఆ పని పూర్తికాలేదు. డబ్బు కరిగిపోయింది, ఆరోగ్యం చెడింది, కంటిచూపు మందగించింది. ఇక తనవల్ల కాదని తెలిసినప్పుడు ఆయన చేసిన పని గమనించదగ్గది. 1899లో ఎట్టయపురం వెళ్ళి, దీక్షితులవారి దగ్గరున్న సంగీతాన్ని తెలుగులో స్వరసహితంగా అచ్చువేయించమని అక్కడి ప్రభువును కోరారు. తాను పూర్తిచేయలేనిదాన్ని పూర్తిచేయగలవారి చేతిలో పెట్టడం కూడా పని పూర్తిచేయడంలో ఒక భాగమే అని నాకనిపిస్తుంది.

సుబ్బరామ దీక్షితులు వెంటనే ఒప్పుకోలేదు. తటపటాయించారు. వంశంలో భద్రంగా దాచుకున్న విద్య అది. అచ్చయితే ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎవరైనా తప్పు పట్టవచ్చు. మనం ఏ పనినైనా చివరిదాకా తెచ్చి ఆపేయడానికి అలసట ఒక్కటే కారణం కాదు. పాట సగంలో ఉన్నంతకాలం దాన్ని ఎవరూ బాగాలేదనలేరు. "ఇంకా అవలేదండీ" అంటే చాలు. పూర్తయిన పాట మాత్రం వేదిక ఎక్కాలి. ఆ భయాన్ని మనం చాలాసార్లు విసుగు అని పిలుస్తాం. దీక్షితులవారు చివరికి ప్రభువు మాట మన్నించారు.

1901లో పని మొదలయింది. అప్పటికి ఆయన వయసు 62. పాటను కాగితంమీద పెట్టడం ఎంత కష్టమో ఒకసారి ఊహించండి. స, రి, గ, మ అని రాస్తే సరిపోదు. అక్షరంమీద చుక్క పెడితే పై స్థాయి, కింద పెడితే కింది స్థాయి. కాలాన్ని చూపడానికి వేరే గీతలు. మన సంగీతానికి ప్రాణమైన గమకాలకు, అంటే స్వరం ఊగడానికి, జారడానికి, మరో స్వరాన్ని తాకి రావడానికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తు. కంపితానికి అలలాంటి గీత, జారుకు ఏటవాలు గీత. వాటి కింద సాహిత్యం, ఏ అక్షరం ఏ స్వరం కింద ఉండాలో అక్కడే ఉండాలి. ఇవన్నీ సీసపు అచ్చుల కాలంలో, ఒక చిన్న ఊళ్ళోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో! ఒక చుక్క తప్పితే పాట మంద్రంలో పడాల్సింది తారంలోకి ఎగిరిపోతుంది. రాగం ఎరిగినవారి కన్ను ప్రతి గుర్తుమీదా పడాలి. పాడటంలోని ఆనందం అందులో ఉండదు. పాట కట్టేవారి పనిలో చివరి భాగం ఎక్కువగా ఇలాగే ఉంటుంది. అది సృష్టిలా కనిపించదు, బియ్యంలో రాళ్ళు ఏరడంలా ఉంటుంది.

ఆ గ్రంథం పేరు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. సుమారు 1700 పేజీలు. అంత పెద్ద పనిని ఎవరైనా ఒక్కసారిగా తలచుకుంటే చేతులు ఆడవు. కాని పుస్తకం తీరు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వేంకటమఖి సంప్రదాయంలోని 72 రాగాంగ రాగాలను వరుసగా తీసుకుని, ప్రతి రాగానికీ లక్షణం, గీతం, కీర్తనలు, చివర దీక్షితులవారు తామే కూర్చిన సంచారి, ఇలా ఒకే పద్ధతిలో నడిపారు. నాటి పనికి నాటి రాగం. 1700 పేజీలు మిగిలాయని లెక్కపెట్టేకంటే ఈ రాగానికి సంచారి మిగిలింది అనుకోవడం తేలిక. ఈ వరుస ఆయనకు అలా తోడుపడి ఉంటుందని నా ఊహ. మీ పాటకూ అంతే. "పాట ఇంకా కాలేదు" అనుకుంటే కాళ్ళు సాగవు. "రెండో చరణంనుంచి పల్లవికి తిరిగి వచ్చే చోట అందరం ఒకే శ్రుతిలో లేము" అనుకుంటే అది ఒక సాయంత్రం పని.

1904లో గ్రంథం వెలువడింది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు అందులో 229 ఉన్నాయి. వాగ్గేయకారుల చరిత్రలూ ఉన్నాయి. వరుసలో ఇమడని రచనలు అనుబంధంగా చివర చేరాయి. అనుబంధం అన్నది పెద్ద ఉపాయం సుమా! ప్రతి కొత్త ఆలోచననూ పాటలోనే ఇరికించాలని చూస్తే పాట ఎన్నటికీ ముగియదు. బాగున్నదాన్ని ఒక కాగితంమీద రాసి పక్కన పెడితే వచ్చే ఏడు పాటకు పనికొస్తుంది.

ఆ పుస్తకాన్ని అందరికంటే ఎక్కువగా కోరుకున్న చిన్నస్వామి మొదలియారు దాన్ని చూడలేదు. అప్పటికే ఆయన మరణించారు. సుబ్బరామ దీక్షితులు మాత్రం అంతటితో కలం దించలేదు. మరుసటి ఏడు, 1905లో, సంగీతం కొత్తగా నేర్చుకునేవారికోసం 'ప్రథమాభ్యాస పుస్తకము' ప్రచురించారు. 1906లో కన్నుమూశారు. ఎట్టయపురంలోనే పుట్టిన మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఆయన మరణానికి తమిళంలో శోకగీతం రాశారు. తరువాత 1961 నుంచి మద్రాసు సంగీత అకాడమీ ఆ తెలుగు గ్రంథాన్ని తమిళ లిపిలో సంపుటాలుగా అచ్చువేసింది.

ఇటువంటి పనికి చేయి వేసినవారు మీ పొరుగునా ఉన్నారు. మీ తాలూకా సరిహద్దు దాటితే అనంతపురం జిల్లా కంబదూరు మండలంలో రాళ్ళపల్లి అనే ఊరు వస్తుంది. అక్కడ 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు చెప్పారు. అంటే కన్నడనాట తెలుగు పంతులుగారన్నమాట. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలున్న తిరుమల రాగిరేకులపై పనిచేస్తున్న వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో మరణించారు. ఆ పనిని శర్మగారు అందుకున్నారు. రేకులమీద పాటకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. కొండమలహరి వంటి రాగాలు పేరుకే మిగిలాయి. ఎలా పాడేవారో చెప్పగలవారు లేరు. అయినా శర్మగారు నూరుకు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. వేల పాటలలో అవి కొన్నే. అన్నీ అయ్యేదాకా ఆగుదామనుకుంటే ఆ కొన్నీ మనకు వినిపించేవి కావు.

ఇక మీ పాట సంగతి. రేపు సాధన చేసేటప్పుడు, ఇంతవరకు దాన్ని ఒక్కసారి కూడా వినని మనిషిని పిలవండి. అన్నం వండే ఆయా కావచ్చు, గేటు దగ్గర పల్లీలమ్మే అవ్వ కావచ్చు. మీ చెవులు అలసిపోయాయి, ఆమె చెవులు అలసిపోలేదు. పాట బాగుందా అని అడగకండి. మొహమాటానికి బాగుందంటుంది. ఆపకుండా మొత్తం పాడి, ఆమె ఎక్కడ తల ఊపిందో, ఎక్కడ "ఏమన్నారు నాయనా?" అని అడిగిందో గుర్తుపెట్టుకోండి. చివరి చరణంలో తాళానికి అందని మాటను అక్కడ వెతకండి.